ఇంగ్లిష్ నుడికారం నేర్చుకుందాం, తల మాత్రం వంచొద్దు



మన గ్రూపులో విదేశీ చదువుల మీద చాలా పోస్టులు వచ్చాయి. స్కాలర్‌షిప్‌కి ఎవరు అర్హులు, ఏయే సర్టిఫికెట్లు కావాలి, ఐఈఎల్‌టీఎస్ ఎలా రాయాలి, వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఇవన్నీ మాట్లాడుకున్నాం. మాట్లాడుకోనిది ఒకటి మిగిలిపోయింది. విమానం దిగాక క్లాసులోనో, గ్రూప్ ప్రాజెక్టులోనో, ఇంటర్న్‌షిప్ మీటింగులోనో చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడుతుంటారు. అందులో ప్రతి మాటా మనకు తెలిసిందే. అయినా వాక్యం మొత్తం ఏం చెబుతోందో తెలీదు. దాంతో మనవాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటున్నారు. ఈ పోస్టు దాని గురించే. కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేమంటే రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం వైపు ఊళ్ళ నుంచి వచ్చి, కడియపులంకలో గదులు తీసుకుని, రాజమండ్రిలో చదువుకుంటూ, సెలవు రోజుల్లో నర్సరీల్లో పనిచేసే కొందరం. మాలో కోయ పిల్లలు ఉన్నారు, కొండరెడ్డి పిల్లలు ఉన్నారు. ఇద్దరు వచ్చే ఏడాదికి బయటి యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నారు. ముందే వెళ్ళిన అన్నలు, అక్కలు ఫోన్లో చెప్పిన సంగతులు విని, మాలో మేము వాదించుకుని, చివరికి ఒక అభిప్రాయానికి వచ్చాం. అది ఇదీ: బిజినెస్ ఇంగ్లిష్‌లోని నుడికారాన్ని మనం అర్థం చేసుకోవడానికి నేర్చుకోవాలి, అలంకారానికి కాదు. నేర్చుకునే దారి కోచింగ్ సెంటర్ లిస్టులో లేదు, మనకు తెలిసిన పనుల్లో ఉంది. ఇంకొకటి, ఆ నుడికారంలో ఆదివాసీలను తొక్కే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం కూడా చదువులో భాగమే.

సమస్య ఎంత పెద్దది?

ఒక అన్న సంగతి చెబుతాం. పేరు, దేశం వద్దు. మాస్టర్స్‌లో ప్రాజెక్టు కోసం ఒక ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాడు. ఆయన జవాబులో చివరి మాట, 'ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్'. అన్నకి బాల్ తెలుసు, కోర్టు తెలుసు. ఏదో మంచిమాట అన్నారనుకుని ప్రొఫెసర్ నుంచి తర్వాతి మెయిల్ కోసం పది రోజులు ఎదురుచూశాడు. ఆ మాట టెన్నిస్ నుంచి వచ్చింది. 'బంతి ఇప్పుడు నీ వైపు ఉంది, కొట్టాల్సింది నువ్వే' అని దాని అర్థం. అంటే ఇక పని మొదలుపెట్టాల్సింది ఆ అన్నే. ప్రొఫెసర్ ఏమో ఈ కుర్రాడికి ఆసక్తి లేదనుకున్నాడు. ఆ ప్రాజెక్టు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఆ అన్నకి సబ్జెక్టు రాక కాదు, ఇంగ్లిష్ రాక కూడా కాదు.

ఇది మనవాళ్ళ ఒక్కరి ఇబ్బంది కాదు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జెనెట్ లిటిల్‌మోర్ అనే పరిశోధకురాలు 2001లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడ చదువుకోవడానికి వచ్చిన బంగ్లాదేశ్ ప్రభుత్వ ఉద్యోగులు లెక్చరర్లు వాడే పోలికల మాటల్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో ఆమె చూశారు. లెక్చరర్ ఒక విషయాన్ని మెచ్చుకుంటున్నాడా, తప్పుపడుతున్నాడా అన్నదే వాళ్ళకి కొన్నిసార్లు తారుమారుగా అందింది. ఆమె బృందం 2011లో మరో పరిశోధన చేసింది. విదేశీ విద్యార్థులకు ఇలాంటి మాటలు తప్పుగా అర్థమైనప్పుడు, తప్పుగా అర్థమైందన్న సంగతే వాళ్ళకి చాలాసార్లు తెలియలేదని అందులో తేలింది. అసలు ప్రమాదం ఇదే. తెలియని మాట ఎదురైతే డిక్షనరీ తీస్తాం. తెలిసిన మాటలతోనే తెలియని అర్థం వస్తే డిక్షనరీ తీయాలన్న ఆలోచనే రాదు.

మనకి ఇది మామూలు నష్టం కాదు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ఏడాదికి దేశం మొత్తానికి 20. అందులో 17 ఎస్టీలకు, 3 పీవీటీజీ తెగలకు. మన కొండరెడ్లు పీవీటీజీ జాబితాలో ఉన్నవాళ్ళే. అన్ని తెగలూ పోటీపడే ఆ కొద్ది సీట్లలో ఒకటి సంపాదించి, సముద్రం దాటి, అక్కడ మీటింగులో ఒక బంతి మాట దగ్గర ఆగిపోవడం ఏంటి? ఆ ఒక్కరి వెనక ఎంతమంది చూస్తున్నారో మనందరికీ తెలుసు కదా.

ఇది మనకి కొత్త కాదు

ఒక్కసారి మన చిన్నప్పటి బడి గుర్తుచేసుకోండి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు నేర్చుకుంటుంది. నీళ్ళు తెలుసు, నమలడం తెలుసు. మాస్టారు 'ఏంటే, నీళ్ళు నములుతున్నావ్?' అంటే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? 'కాలికి బుద్ధి చెప్పాడు' అంటే? 'చెవిలో పువ్వులు పెట్టాడు' అంటే? ఇవన్నీ మనం ఎవరూ ప్రత్యేకంగా చెప్పకుండానే, నవ్వులపాలవుతూ, వింటూ వింటూ నేర్చుకున్నాం. ఇంట్లో తెలుగే మాట్లాడే కొండరెడ్డి పిల్లలకి కూడా బడి తెలుగు, పుస్తకం తెలుగు వేరుగానే ఉంటాయి.

అంటే ఒక పరాయి నుడికారాన్ని లోపలికి తీసుకోవడం మనం ఇప్పటికే ఒకసారి చేసి చూపించాం. మైదానంలో తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పిల్లలకి లేని అనుభవం ఇది. ఇంగ్లిష్ నుడికారం మనకి మూడో మెట్టు. మొదటిసారి మెట్టెక్కేవాడికి ఉండే భయం మనకి అక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం కావాలి. తెలుగులోంచి నేరుగా దూకితే కాలు జారే చోట్లు ఉన్నాయి. తెలుగులో 'వాడు చెయ్యిచ్చాడు' అంటే మోసం చేశాడని. ఇంగ్లిష్‌లో 'గివ్ ఎ హ్యాండ్' అంటే సాయం చేయడం. పూర్తిగా ఎదురు. కలిసొచ్చేవి కూడా బోలెడు ఉన్నాయి. వెన్ను తట్టడం రెండు భాషల్లోనూ మెచ్చుకోవడమే. ఒకే దెబ్బకి రెండు పిట్టలు అక్కడా ఉన్నాయి. మన గోడ మీద పిల్లి వాళ్ళ దగ్గర కంచె మీద కూర్చున్న మనిషి, అంతే తేడా. ఏది కలుస్తుంది, ఏది ఎదురు తిరుగుతుంది అని రెండు వరసలు రాసుకుంటే సగం భయం పోతుంది.

లిస్టు బట్టీ పడితే రాదు

కోచింగ్ సెంటర్లలో ఏం జరుగుతోందో చూస్తున్నాం. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో 7 బ్యాండ్ రావాలంటే అంతగా వాడుకలో లేని మాటలు, నుడికారపు మాటలు కొన్ని వాడాలని వాళ్ళ మార్కుల వివరణలో ఉంది. అది పట్టుకుని వంద ఇడియమ్స్ జిరాక్స్ తీసి చేతిలో పెడుతున్నారు. పిల్లులూ కుక్కలూ వానగా పడతాయి, నీలం చంద్రుడు ఒకసారి వస్తాడు, కేక్ ముక్కలాంటి పని. పిల్లలు దాన్ని బట్టీపట్టి, ఎక్కడ దూర్చాలా అని చూస్తారు. అక్కడికి వెళ్ళాక ఆఫీసులో ఎవరూ పిల్లుల్నీ కుక్కల్నీ కురిపించరు. వాళ్ళు అనేవి వేరే. టచ్ బేస్, సర్కిల్ బ్యాక్, ఆన్ ద సేమ్ పేజ్, హెడ్స్ అప్, బాల్‌పార్క్ ఫిగర్, బాటమ్ లైన్, డ్రాప్ ద బాల్. లిస్టులో ఉన్నది బయట వినపడదు, బయట వినపడేది లిస్టులో లేదు.

మరి ఎలా నేర్చుకోవాలి? మా అనుభవంలో ఒక దారి బాగా పనిచేసింది. ప్రతి మాటా ఏ పనిలోంచి పుట్టిందో అడగడం. బెల్జియంకు చెందిన ఫ్రాంక్ బూర్స్ అనే భాషా పరిశోధకుడు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో కూడా ఇదే కనిపించింది. మాటల్ని వాటి వెనకున్న పోలికను బట్టి గుంపులుగా నేర్చుకున్న విద్యార్థులకి అవి ఎక్కువ గుర్తున్నాయి.

మేము కడియంలో ఉన్నాం కాబట్టి మొక్కల దగ్గర మొదలుపెట్టాం. ఇక్కడ కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టూ ఎటు చూసినా నర్సరీలే. బిజినెస్ ఇంగ్లిష్ నిండా కూడా మొక్కలే ఉన్నాయని చూసి ఆశ్చర్యపోయాం.

'లో హ్యాంగింగ్ ఫ్రూట్' అంటే కిందికొమ్మకి వేలాడే కాయ. నిచ్చెన అక్కర్లేదు, చేత్తో కోసుకోవచ్చు. కంపెనీలో తక్కువ శ్రమతో ముందుగా దొరికే లాభాన్ని అలా అంటారు. 'నిప్ ఇన్ ద బడ్' అచ్చంగా మన మొగ్గలోనే తుంచడం. 'రూట్ కాజ్' అంటే ఆకు పచ్చబారితే ఆకుకి మందు కొట్టకుండా వేరు చూడటం. 'వీడ్ అవుట్' కలుపు తీయడం, పనికిరానివాటిని తప్పించడం. 'బ్రాంచ్ అవుట్' కొత్త కొమ్మ వేయడం. గులాబీలు అమ్మే నర్సరీ ఇండోర్ మొక్కలు కూడా పెడితే అది బ్రాంచ్ అవుట్ అయినట్టు. 'సీడ్ మనీ' విత్తనంలా మొదట పెట్టే డబ్బు. 'ప్లౌ బ్యాక్' వచ్చిన లాభాన్ని మళ్ళీ అదే వ్యాపారంలోకి దున్నడం. 'గ్రీన్ షూట్స్' గడ్డుకాలం తర్వాత కనిపించే మొదటి చిగుళ్ళు. 'చెర్రీ పిక్' బుట్టలో తనకి నచ్చిన పళ్ళే ఏరుకుని, తక్కినవి లేనట్టు మాట్లాడటం. ఇవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం షేడ్‌నెట్ కింద కవర్లలో మట్టి నింపుకుంటూ నేర్చుకున్నవే. ఒక్కటీ మర్చిపోలేదు.

వేట మాటలు కూడా ఉన్నాయి. 'బీట్ అరౌండ్ ద బుష్' అంటే పిట్టల్ని లేపడానికి పొద చుట్టూ కొట్టడం, అసలు విషయానికి రాకుండా తిరగడం. 'బార్కింగ్ అప్ ద రాంగ్ ట్రీ' అంటే జంతువు లేని చెట్టు కింద నిలబడి కుక్క మొరగడం. మన తాతలకి ఈ రెండూ చెప్పి చూడండి, ఇంగ్లిష్ రాకపోయినా అర్థం పట్టేస్తారు. పడవ మాటలూ ఉన్నాయి. 'లెర్న్ ద రోప్స్' తెరచాప ఓడలో తాళ్ళ పని నేర్చుకోవడం, అంటే పని మెళకువలు తెలుసుకోవడం. గోదావరి మీద లాంచీ ఎక్కినవాళ్ళకి 'ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్' ఎందుకంటారో చెప్పక్కర్లేదు. లెక్కల పుస్తకం మాటలు వేరే గుంపు. ఖాతాలో నష్టాన్ని ఎర్ర సిరాతో రాసేవాళ్ళు కాబట్టి 'ఇన్ ద రెడ్', లాభాన్ని నల్ల సిరాతో రాసేవాళ్ళు కాబట్టి 'ఇన్ ద బ్లాక్'. అట్టడుగు గీత కింద మిగిలేది 'బాటమ్ లైన్'.

ఆటల గుంపు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా మాటల్లో సగం బేస్‌బాల్. టచ్ బేస్, కర్వ్‌బాల్, స్టెప్ అప్ టు ద ప్లేట్, బాల్‌పార్క్ అన్నీ అక్కడివే. విదేశీ కొనుగోలుదారు 'బాల్‌పార్క్ ఫిగర్ చెప్పండి' అని మెయిల్ పెడితే ఏ గ్రౌండ్ గురించో అడుగుతున్నాడని కంగారుపడక్కర్లేదు. సుమారు ధర ఎంత అని అడుగుతున్నాడు, అంతే. బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళకి కాస్త సుఖం, అక్కడ క్రికెట్. 'ఆన్ ద బ్యాక్ ఫుట్' అంటే ఇరుకున పడటమని, 'స్టికీ వికెట్' అంటే చిక్కు పరిస్థితి అని మన కుర్రాళ్ళకి ఎవరు చెప్పాలి?

దేశం మారితే అర్థం మారుతుంది

'టేబుల్' అనే మాట చూడండి. బ్రిటన్‌లో ఒక విషయాన్ని 'టేబుల్ చేద్దాం' అంటే ఇప్పుడు చర్చకి పెడదామని. అమెరికాలో అదే మాటకి ఇప్పుడు పక్కన పెడదామని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. చివరికి తేలిందేంటంటే, ఇద్దరూ కోరుకుంది ఒకటే. ఇంగ్లిష్ తల్లిభాషగా ఉన్న రెండు దేశాలవాళ్ళే ఇలా తికమకపడ్డారంటే, మారేడుమిల్లి నుంచి వెళ్ళిన పిల్లకి అర్థం కాకపోతే అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

మన దేశం ఇంగ్లిష్‌లో కూడా మనకే పరిమితమైన నుడికారం ఉంది. 'డూ ద నీడ్‌ఫుల్' అని రాస్తాం, బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే వాళ్ళు మనం స్పృహతప్పి పడిపోయామనుకుంటారు. జవాబివ్వండి అనే అర్థంలో 'రివర్ట్' అంటాం, వాళ్ళకి అది పాత స్థితికి వెళ్ళిపోవడం. ఇవి తప్పులని మేము అనం. ఇక్కడ చెల్లే నోటు అక్కడ మార్చుకోవాలి, అంతే.

మన మీద పడే మాటలు

ఇప్పుడు ఈ పోస్టు అసలు ఎందుకు రాస్తున్నామో అక్కడికి వద్దాం.

మేనేజ్‌మెంట్ క్లాసుల్లో 'ట్రైబల్ నాలెడ్జ్' అనే మాట ఒకటి ఉంది. కంపెనీలో ఎక్కడా రాసిపెట్టకుండా కొందరి బుర్రల్లోనే ఉండిపోయిన పనితెలివిని అలా అంటారు. దాన్ని ఒక లోపంగా, వదిలించుకోవాల్సిన జబ్బుగా చెబుతారు. క్లాసులో మన చెల్లి ఒకామె కూర్చుని ఉంటుంది. ఆమె అమ్మమ్మకి ఏ దుంపని ఎన్ని నీళ్ళలో ఉడకబెడితే చేదు పోతుందో తెలుసు, ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో తెలుసు. అదేదీ ఎక్కడా రాసిలేదు. తరాలుగా మనుషుల్ని బతికించింది. అక్కడ స్లైడ్ మీద మాత్రం 'ట్రైబల్ నాలెడ్జ్‌ని తొలగించడం ఎలా' అని ఉంటుంది. ఆ క్షణం ఆమెకి ఎలా ఉంటుందో మన గ్రూపులో ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇంకా ఉన్నాయి. చిన్న మీటింగుని 'పౌవౌ' అంటారు. అది ఉత్తర అమెరికా ఆదివాసీల భాషలో వైద్యం, ప్రార్థన నడిపే పెద్దకి సంబంధించిన మాట. ఇప్పటికీ వాళ్ళ ఉత్సవాలకి అదే పేరు. ఉద్యోగంలో అందరికంటే కింద ఉన్నవాడిని 'లో మ్యాన్ ఆన్ ద టోటెమ్ పోల్' అంటారు. ఈ పేరుతో 1941లో వచ్చిన ఒక హాస్య పుస్తకం ఆ మాటని బాగా వ్యాప్తి చేసింది. పసిఫిక్ తీరపు ఆదివాసీలు చెక్కే ఆ స్తంభాల్లో కింద ఉన్న బొమ్మ తక్కువదని నియమమేమీ లేదు. గీత దాటి మాట్లాడేవాడిని 'ఆఫ్ ద రిజర్వేషన్' వెళ్ళాడంటారు. 19వ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం ఆదివాసీలను కొన్ని హద్దుల్లో కట్టడి చేసి, అది దాటితే సైన్యాన్ని పంపేది. ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో పని మానేసి కనిపించకుండా పోయినవాడు 'వాకబౌట్' వెళ్ళాడంటారు. అది అక్కడి ఆదివాసీల ప్రయాణ సంప్రదాయానికి తెల్లవాళ్ళు పెట్టిన పేరు.

అడవి మాటలు చూడండి. 'వుయ్ ఆర్ నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్' అంటే ఇంకా ఆపదలోంచి బయటపడలేదని. అంటే ఈ భాష లెక్కలో అడవి ఒక ఆపద. 'లా ఆఫ్ ద జంగిల్' అంటే బలవంతుడిదే రాజ్యం. మనకి అడవి ఇల్లు. అక్కడ ఎవరు ఏది ఎప్పుడు కోయాలో, ఎంత తీసుకోవాలో కట్టుబాట్లు ఉన్నాయి.

ఇంగ్లిష్‌నే అని లాభం లేదు. తెలుగు పేపర్లు క్రూరమైన పని ఏదైనా జరిగితే 'ఆటవిక చర్య' అని హెడ్డింగ్ పెట్టడం మానలేదు. 'ఆటవిక న్యాయం' అని టీవీల్లో రోజూ వింటున్నాం. సినిమాల్లో కోయదొర వేషం ఎందుకు వేయిస్తారో తెలుసు. కాబట్టి ఈ దెబ్బ కూడా మనకి అలవాటైనదే. అలవాటైంది కదా అని ఒప్పుకోవాలని లేదు.

కొత్త ఫ్యాషన్ ఒకటి వచ్చింది. స్పాటిఫై కంపెనీ పద్ధతి అని 2012లో వచ్చిన ఒక పత్రం తర్వాత, చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ విభాగాలని 'ట్రైబ్' అని పిలుచుకుంటున్నాయి. ట్రైబ్ లీడ్ అని ఉద్యోగం పేరు. సర్టిఫికెట్ మీద ట్రైబ్ ఉన్నందుకు మనం ఎన్ని మాటలు పడ్డామో వాళ్ళకి తెలీదు. వాళ్ళకి అది సరదా పేరు.

మాలోనే ఒక తమ్ముడు గట్టిగా వాదించాడు. 'అవన్నీ అరిగిపోయిన మాటలు, అనేవాడికి చరిత్ర తెలీదు, మనం పట్టించుకుంటే మనకే నష్టం, చదువుకోవడానికి వెళ్ళామా గొడవకి వెళ్ళామా?' అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. ప్రతి మాట దగ్గరా ఆగి గొడవపడితే చదువు సాగదు. అనే మనిషికి చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. అందుకే మేము చెప్పేది మూడు మాటలే. ఒకటి, వాటి అర్థం తెలిసి ఉండాలి, లేకపోతే మీటింగు దాటిపోతుంది. రెండు, మన నోటితో వాటిని వాడొద్దు. మీటింగుకి మీటింగు అనే మాట ఉంది. మూడు, చెప్పగలిగే చోటు, వినే మనిషి ఉంటే నెమ్మదిగా చెప్పాలి. 'ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా, నేను ఆదివాసీని, నాకు ఇది వేరుగా వినపడుతుంది' అంటే చాలు. చాలా యూనివర్సిటీలు ఇప్పుడు తమ రాత నియమాల్లో ఇలాంటి మాటలు వాడొద్దని తామే చెబుతున్నాయి. మనం చెప్పేది వింతేమీ కాదు.

అడగడం తక్కువతనం కాదు

ఇంగ్లిష్ తల్లిభాష కాని మనుషులతో నిండిన గదిలో, ఒకరికి మాత్రమే తెలిసిన నుడికారం వాడటాన్ని వియన్నా విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా సైడిల్‌హోఫర్ ఏకపక్ష నుడికారం అన్నారు. అంటే అర్థం కాకపోవడం వినేవాడి లోపం ఒక్కటే కాదు, అనేవాడికీ బాధ్యత ఉంది. అమెరికాలో 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ అని చట్టమే చేశారు. ప్రభుత్వ కాగితాలు జనానికి అర్థమయ్యేలా సూటిగా రాయాలని. సూటి ఇంగ్లిష్ తక్కువ ఇంగ్లిష్ కాదు.

కాబట్టి మన నోట్లో నాలుగు వాక్యాలు సిద్ధంగా ఉంచుకుందాం. 'వాట్ డూ యూ నీడ్ ఫ్రమ్ మీ, అండ్ బై వెన్?' ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఏ బంతి ఎవరి కోర్టులో ఉన్నా, నేను ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి అని అడిగితే జవాబు సూటిగానే వస్తుంది. రెండోది, 'ఐ హావెంట్ హర్డ్ దట్ ఫ్రేజ్, వాట్ డజ్ ఇట్ మీన్ హియర్?' మూడోది, 'సో యూ మీన్...' అని మొదలుపెట్టి మనకి అర్థమైంది మనమే తిరిగి చెప్పడం. నాలుగోది మాట కాదు, పని. మీటింగు అయ్యాక నిర్ణయాలు రెండు మూడు లైన్లలో మెయిల్ పెట్టడం. తప్పు అర్థమైతే అక్కడే దొరికిపోతుంది, పది రోజులు పోవు.

అడిగితే పల్లెటూరోళ్ళని చూస్తారేమో అని ఒక చెల్లి అంది. ఆ భయం మాకూ తెలుసు, బడిలో నవ్విన మొహాలు ఇంకా గుర్తున్నాయి. కానీ అడిగినవాళ్ళని చూసి అదే గదిలో కూర్చున్న చైనా, వియత్నాం, నైజీరియా విద్యార్థులు ఊపిరి పీల్చుకుంటారని వెళ్ళినవాళ్ళందరూ చెబుతున్నారు. వాళ్ళకీ అర్థం కాలేదు మరి.

మనం చేయగలిగింది

మా ప్రతిపాదన చిన్నది. బయట చదువుతున్న ప్రతి అన్న, అక్క నెలకి ఒక్క మాట పంపాలి. పుస్తకంలోది కాదు, నిజంగా విన్నది. ఎవరు అన్నారో పేర్లు వద్దు. ఏ సందర్భంలో విన్నారు, మొదట ఏమనుకున్నారు, అసలు అర్థం ఏంటి, ఈ మూడూ రాస్తే చాలు. ఇక్కడున్న మేము దాన్ని మొక్క, ఆట, పడవ, లెక్క, వేట అని గుంపులు చేసి నోటుపుస్తకంలో ఎక్కిస్తాం. గురుకులాల్లో, హాస్టళ్ళలో ఇంటర్ పిల్లలకి కూడా అది అందాలి. విదేశాలకి పంపే స్కాలర్‌షిప్‌తో పాటు వెళ్ళేముందు రెండు వారాలైనా ఈ మీటింగు ఇంగ్లిష్ నేర్పాలని గిరిజన సంక్షేమ శాఖని మనం రాతపూర్వకంగా అడగాలి. ఫీజు, టికెట్ ఇచ్చి పంపినంత మాత్రాన సరిపోదు.

ఆ పుస్తకంలో రెండో సగం ఖాళీగా ఉంచుదాం. అందులో కోయ మాటలు, కొండరెడ్ల మాటలు రాద్దాం. మన ముసలాళ్ళు సంతలో, పంచాయితీలో, పొలం దగ్గర వాడే నుడికారం. వాళ్ళు పోతే అవి పోతాయి. ఇంగ్లిష్ వాడి బేస్‌బాల్ మాట నేర్చుకోవడానికి ఇంత కష్టపడే మనం, అవ్వ మాటని పోగొట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటాం?

కడియం నుంచి మొక్కని విదేశానికి పంపేటప్పుడు వేళ్ళకున్న మట్టి కడిగేస్తారు. చాలా దేశాలు మట్టిని రానివ్వవు. పురుగూ తెగులూ లేదని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కూడా కావాలి. మొక్కకి ఆ నిబంధన ఉంది. మనిషికి లేదు. మన మట్టితోనే వెళ్ళొచ్చు, వెళ్ళాలి.

మీకు బడిలోనో, కాలేజీలోనో, ఉద్యోగంలోనో అర్థం కాక ఇబ్బంది పెట్టిన మొదటి మాట ఏది? తెలుగుదైనా సరే, ఇంగ్లిష్‌దైనా సరే, కింద రాయండి. పుస్తకంలో మొదటి పేజీ వాటితోనే మొదలుపెడదాం.

జై ఆదివాసీ.